హనుమండ్లు పేరున్న కాగు

ఆ ఉదయం సదానందానికి ఉన్నది ఒకటే పని. కాగును తోమి, తళతళలాడించి, అన్నకు ఇచ్చి రావాలి. ఆ ముక్క భార్య శంకరవ్వకు చెబితే సరిపోయేది. కానీ రెండేళ్లు మీసం మెలేసిన మనిషి ఇప్పుడు తానే తగ్గుతున్నానని ఇంట్లో ఏ మొహంతో చెబుతాడు? అందుకే శంకరవ్వ వంటింట్లో ఉండగా కాగును చప్పుడు కాకుండా మోసుకొచ్చి గేటు దగ్గర పెట్టి, చింతపండు కొనడానికి కిరాణా కొట్టుకు వెళ్లాడు.

అది నీళ్లు కాచుకునే రాగి కాగు. మొదటి కొడుకు పుట్టిన సంబరంలో వాళ్లవ్వ, కన్నతల్లి, దానిమీద 'హనుమండ్లు' అని అన్న పేరు కొట్టించింది. అవ్వ పోయాక "పేరు నాది, కాగు నాది" అన్నాడు హనుమండ్లు. "అవ్వకు నీళ్లు కాగవెట్టి పోసింది నేను" అన్నాడు సదానందం. అంతే, హుస్నాబాద్‌లో రెండు గల్లీల ఎడంలో ఉంటూ అన్నదమ్ములకు మాటల్లేవు. పోయిన దసరాకు అన్న చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కలేదు. ఆ పండగ తిండి సదానందానికి ఒంటబట్టలేదు. ఈ దసరా కూడా అలాగే దాటిపోతే ఇక కలిసేది లేదని అతని భయం.

చింతపండుతో తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర ఏమీ లేదు. ఊడ్చిన నేల ఉంది.

"కాగేది?" అన్నాడు.

"పాత సామాను ఆటోల ఏశిన. రహీమ్ అచ్చిండు గదా" అంది శంకరవ్వ, కొంగున నోట్లు ముడేసుకుంటూ.

"నిన్నెవ్వలు ఎయ్యమన్నరు?"

"పండుగకు ఇల్లు దులిపి, అమ్మే సామానంత పొద్దుగాల గేటు కాడ కుప్పవోసిన. నువ్వు కాగును తెచ్చి గా కుప్ప మీదనే పెడితివి. లొల్లి ఇడిసిపోయింది, నా మొగనికి బుద్ధొచ్చిందని సంబురపడ్డ. గేటు కాడ పెట్టినదాన్ని అమ్మక పూజ జెయ్యాల్నా?"

సదానందం చింతపండు పొట్లంతోనే వీధిలోకి పరుగు తీశాడు.

దూరంగా మైకు వినబడుతోంది: "పాత ఇనుము, ఇత్తడి, రాగి, కరాబైన బ్యాటరీలు కొంటాం..." ఆ గొంతు వెంట మూడు గల్లీలు పరుగెత్తి ఆటోను పట్టుకున్నాడు. తీరా చూస్తే అది వెంకటిది. ఊళ్లో పాత సామాను ఆటోలన్నిటికీ ఒకటే రికార్డు, ఒకటే గొంతు.

"రహీమ్ భాయా? అక్కన్నపేట దిక్కు వోయిండు. నేనూ అటే, ఎక్కు. కని పిలిచిన కాడల్ల ఆగుత మల్ల" అన్నాడు వెంకటి.

సదానందం ఒక ఇనుప పెట్టె మీద కూర్చున్నాడు. పిలిచిన ప్రతి ఇంటి ముందూ ఆటో ఆగింది. ఊరికే కూర్చోలేక మొదటి ఇంట్లో బస్తా అందుకున్నాడు. రెండో ఇంట్లో కాంటా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో, "గిది ఇత్తడి కాదక్క, రంగేసిన రేకు" అని బేరం కూడా ఆడాడు. మనిషిని ఏ బండి ఎక్కిస్తే ఆ బండి బుద్ధులే వస్తాయేమో, చెప్పలేం.

సరిగ్గా అప్పుడే హనుమండ్లు పక్కింటి కిష్టవ్వ అటుగా వచ్చింది. కాంటా వైపు చూసింది, మసి పట్టిన అంగీ వైపు చూసింది.

"అయ్యో సదానందం, గిదేందిరా? గింత కష్టమొచ్చెనా?"

కాగు అమ్ముకున్నానంటే అది సాయంత్రానికి అన్న చెవిన పడుతుంది. సదానందం, "ఏం జెయ్యాలె వదినె, కాలమట్లున్నది" అన్నాడు.

దానికంటే నిజం చెప్పినా నయమయ్యేది. ఆ మాట కిష్టవ్వ నోట రెండు గల్లీలు దాటేలోపు సదానందం దివాలా తీశాడు, పాత సామాను బండి మీద కూలికి కుదిరాడు, ఇంట్లో గిన్నెలన్నీ అమ్మి చివరికి వండుకోవడానికి ఏమీ లేక శంకరవ్వను పుట్టింటికి పంపాడు. హనుమండ్లు విన్నది ఈ ఆఖరి కథే.

మధ్యాహ్నం దాటాక వెంకటి ఆటో అక్కన్నపేట దారిలో ఉన్న రహీమ్ దుకాణం చేరింది. సదానందం దిగుతూనే కుప్పలన్నీ కలియజూశాడు.

"కాగు కోసమా అన్నా? మీ అన్న ఆటోలోళ్లను అడుక్కుంట అచ్చి ఇప్పుడే కొనుక్కపోయిండు" అన్నాడు రహీమ్. "కాగొక్కటే గాదు, మీ ఇంటికెళ్లి తెచ్చిన సామానంత. ఎంతంటే అంత ఇస్తనన్నడు. నేను రెండింతలన్న. కండ్లు తుడ్సుకుంట ఇచ్చిండు. పైసలు దీసుకునేటందుకు నాకే శరమైంది. కని తీసుకున్న."

కాగు అమ్ముకున్నట్టు అన్నకు తెలిసిపోయింది. ఇక జమ్మి లేదు, పండగా లేదు.

ఇల్లు చేరేసరికి గేటు ముందు ఆ చెత్తంతా తిరిగొచ్చి ఉంది. కరాబైన కూలరు, కాలు విరిగిన కుర్చీ, పిడి లేని పెనం. నడుమ కాగు. దాని పక్కన హనుమండ్లు. అరుగు మీద శంకరవ్వ తల పట్టుకుని కూర్చుంది.

"అరేయ్ సదా, నేను సచ్చిన్ననుకున్నవా? ఒక్క మాట చెప్పొద్దా?" అంటూ హనుమండ్లు తమ్ముణ్ని గట్టిగా కావలించుకున్నాడు. సదానందానికి ఏడుపు ఆగలేదు.

"అన్నా, నాకేం కష్టం రాలే. కాగు నీకే ఇద్దామని తోమేటందుకు బయట పెట్టిన. గిది అమ్మేసింది."

హనుమండ్లు చేతులు వదిలాడు. "అంటే మంచిగనే ఉన్నవా?"

"మంచిగనే ఉన్న."

"అయితే గీ కాగు నీ ఇంట్లనే ఉండాలె. అవ్వకు నీళ్లు కాగవెట్టింది నువ్వు."

"అట్లెట్ల? పేరు నీది. నువ్వే తీస్కపో."

"తీస్కపోను."

"నేను ఉంచుకోను."

గొంతులు లేచాయి. గోడల మీదికి తలలు లేచాయి. దేనికి కొట్టుకుంటున్నారో ఇరుగుపొరుగుకు ఎంత విన్నా అంతుబట్టలేదు. హనుమండ్లు విసురుగా గేటు దాటి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

"దసరనాడు జమ్మి తెస్తవా, తేవా?"

"తెస్తా."

"కాగు తెస్తే మాత్రం తలుపు తియ్యను!"

సదానందం కళ్లు తుడుచుకుని నవ్వాడు. రెండేళ్ల తర్వాత అన్న తిట్టిన తిట్టు అమృతంలా ఉంది.

ఆ కరాబైన కూలరు ఎవరికి చెందాలన్న విషయంలో మాత్రం అన్నదమ్ముల మధ్య ఏ తగువూ రాలేదు.