ముంజులూరి పక్క కుర్చీ

ముంజులూరి కామేశంగారి కర్మకాండ ముగిసిన మర్నాడు, ఆయన ఇంటిపేరు ఒక్కటే రంగుల ఫ్యాక్టరీకి వచ్చి డ్యూటీలో చేరింది. మనిషి లేకుండా ఇంటిపేరు పనిచేయకూడదన్న నిబంధన ఎక్కడా లేదు కనుక ఆఫీసువారు హాజరు వేసి, లేబొరేటరీలో ఆయన పాత కుర్చీనే ఇచ్చారు. అది సెలవు పెట్టేది కాదు, జీతం పెంచమనేది కాదు. కొన్నేళ్లలో ముంజులూరి ద్రావకం, ముంజులూరి పరీక్ష, ముంజులూరి పద్ధతి వచ్చాయి. కాలేజీ పిల్లలు ముంజులూరిని బట్టీపట్టి పాసయ్యారు. కామేశం ఎవరో వాళ్లకు తెలియదు.

అదే బల్ల దగ్గర కామేశంతో కలిసి పనిచేసిన పిసుపాటి అచ్యుతరామయ్యకు మాత్రం ఆ పేరు వినిపిస్తే అన్నం సహించేది కాదు.

"బతికున్నప్పుడు ఆ ద్రావకం విరిగిపోయిందని వాడు పారబోయబోతే, ఆగరా అన్నది నేను," అన్నాడు భార్య విశాలాక్షితో.

"పోయినాయన మీద ఏడుపెందుకండీ? గుళ్లో పంతులుగారు గోత్రం అడుగుతారు గానీ ఇంటిపేరు అడగరు కదా. దేవుడికి అక్కర్లేనిది మీకెందుకు?"

ఆ మాట ఆయనకు సబబుగానే తోచింది. అయినా మర్నాడు పూజ ముగించుకుని ఆఫీసుకు వెళ్లి, తన ఇంటిపేరునూ పనిలోకి తీసుకోమన్నాడు.

"తీసుకుంటాం సార్. కానీ మనిషి వెంట ఉంటే అది పని మీద మనసు పెట్టదు. వదిలేసి వెళ్లాలి," అన్నాడు ఆఫీసరు.

"అంటే, నేను పోవాలా?"

"అంత అక్కర్లేదండీ. ఇంటికి పోతే చాలు."

వదిలేసి వచ్చాడు. ముంజులూరి పక్కనే దానికి కుర్చీ వేశారు. ద్రావకం అడుగున మిగిలే మడ్డికి పిసుపాటి మడ్డి అని పేరు పెట్టారు. అది పూస్తే ఓడలకు తుప్పు పట్టదని తేలి, రేవుల్లో మంచి గిరాకీ వచ్చింది.

దాంతో అచ్యుతరామయ్యకు ముంజులూరి మీద కోపం పోయింది. ఇప్పుడు కడుపుమంటంతా పిసుపాటి మీదే. తను ఇంట్లో ఊరికే కూర్చుని ఉంటే, అది క్యాంటీన్‌లో ముంజులూరితో కలిసి టీ తాగుతోందట. ఒకసారి ఇంటికి వచ్చిపొమ్మని కబురు పెడితే తీరిక లేదంది.

తనే వెళ్లాడు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఆపాడు.

"ఎవరి తాలూకు బాబూ?"

"అచ్యుతరామయ్యను."

"ఆ పేరుగలోలు ఇక్కడెవులూ నేరు బాబూ."

అచ్యుతరామయ్య కాసేపు ఎండలో నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా, "పిసుపాటివారి తాలూకు," అన్నాడు.

వాచ్‌మన్ లేచి దణ్ణం పెట్టి, తన స్టూలు తుడిచి నీడలో వేశాడు. "ముందే సెప్పాల గదా బాబూ. కూకోండి. అయ్యగారు పనిలో ఉన్నారు."

ఆయన కూర్చున్నాడు. మర్నాటి నుంచి పిసుపాటివారికి మధ్యాహ్నం భోజనం క్యారేజీ ఆయనే తెస్తున్నాడు.