మంటకు లొంగని బట్ట

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా నమూనా సూటు పూర్తిచేసి, మేనేజరు చేతికిచ్చి, తొమ్మిదేళ్ళుగా నలుగుతున్న పర్మనెంటు సంగతి కదపాలి. "ఇవాళైనా నోరు తెరవండి" అని భార్య చెప్పి మరీ పంపింది.

కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళకు ఆ కంపెనీలో సూట్లు కుడతారు. కృత్రిమ పోగులతో నేసిన ఆ పసుపు బట్ట మంటలో కరగదు, అంటుకోదు. కుట్టే దారం కూడా అదే జాతిది కావాలి. అది నిన్ననే అయిపోయింది.

"పాలిస్టర్ దారంతో కానిచ్చెయ్," అన్నాడు మేనేజరు. "దారాన్ని ఎవడు చూస్తాడు?"

"వేడి తగిలితే కరిగిపోతుంది సార్."

"తొడిగేది షోకేసు బొమ్మకు. బొమ్మకు వేడేంటయ్యా?"

దర్జీ కుట్టాడు. పర్మనెంటు చేయాల్సిన మనిషితో వాదించే ధైర్యం అతనికి లేదు.

మూడింటికి యజమాని కొనుగోలుదార్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు బట్టను నలిపి చూసి, మంట పెట్టి చూపించమన్నారు. బొమ్మ ప్లాస్టిక్‌ది, కరిగిపోతుంది. "అయితే మనిషే వేసుకుంటాడు," అన్నాడు యజమాని. మేనేజరు చూపు దర్జీ మీద వాలింది.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే చర్మం పోతుంది. "నేను వేసుకుంటే ఎవరు నమ్ముతారు సార్," అన్నాడు వినయంగా. "మేనేజరుగారు వేసుకుంటే ఆ నమ్మకమే వేరు."

"బాగా చెప్పాడు," అన్నాడు యజమాని.

మేనేజరు తేలు కుట్టిన దొంగలా సూటు తొడుక్కున్నాడు. గ్యాస్ మంట భుజానికి తగలగానే ఒక చెయ్యి ఊడి కింద పడింది. మంట పట్టుకున్న పనివాడు శ్రద్ధగలవాడు. మేనేజరు ఎటు తిరిగితే అటే తిప్పాడు. రెండో చెయ్యి, వీపు, ప్యాంటు కాళ్ళు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి కంపెనీ పరువు గళ్ళ నిక్కరులో నిలబడింది.

కొనుగోలుదార్లు నవ్వలేదు. రాలిన ముక్కలు ఏరి తిప్పి తిప్పి చూశారు. కొంచెం మసి తప్ప బట్ట చెక్కుచెదరలేదు. అక్కడికక్కడే రెండువేల సూట్లకు ఆర్డరిచ్చారు.

ప్రాణాలకు తెగించినందుకు మేనేజరుకు ఆ సాయంత్రమే పదోన్నతి వచ్చింది. నాసిరకం కుట్టు కుట్టినందుకు దర్జీకి రేపటినుంచి రానక్కర్లేదని కాగితం ఇచ్చారు. ఆ కాగితం మీద సంతకం కొత్త హోదాలో మేనేజరు పెట్టిన మొదటి సంతకం. దర్జీకి ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తోచలేదు.

"వెళ్ళేముందు ఆ చేతులూ కాళ్ళూ అతికించి వెళ్ళు," అన్నాడు మేనేజరు, భుజం మీది బొబ్బకు మందు రాసుకుంటూ. "రేపు అందులో నన్ను ఫొటో తీస్తారట."

దర్జీ మిషను ముందు కూర్చున్నాడు. హోదా పెరిగిన మనిషి కదా అని, ప్యాంటు నడుము దగ్గర రెండంగుళాలు వదులు పెట్టి కుట్టాడు.