మరమగ్గాల ఇంట్లో డిష్షా, కేబులా?

ఇంట్లో డిష్ ఉండాలా, కేబుల్ ఉండాలా అన్న తగువు ఏ ఇంట్లోనూ తేలకూడదని నా గట్టి అభిప్రాయం. తేలిందా, ఆ ఇంటి ప్రశాంతత పోయినట్టే!

నవ్వకండి, అనుభవంతో చెబుతున్నాను. నగరిలో మా ఇంటి ముందుగదిలో నాలుగు మరమగ్గాలు, వెనకగదిలో టీవీ. మగ్గాలు ఆడుతున్నంతసేపూ నెత్తిన పిడుగు పడినా వినబడదు. ఒకరి పెదాలు ఒకరు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటాం. కరెంటు పోతేనే మా ఇంట్లో నిశ్శబ్దం. అప్పుడు టీవీ కూడా పోతుంది.

అంటే మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ టీవీని విన్న పాపాన పోలేదు. అయినా డిష్‌లో సౌండు బాగుంటుందని నాయన, కేబుల్లో తమిళ సీరియళ్ళు వస్తాయని అవ్వ పట్టు విడవరు. వినబడనిది ఏ భాషలో ఉంటేనేం? ఈ ప్రశ్న నేను అడగలేదు. నేను ఏదీ అడగను.

తగువు కూడా కరెంటు పోయినప్పుడే నడుస్తుంది, చూడటానికి ఏమీ లేనప్పుడు. నాయన శ్రీహరికోట రాకెట్ లేచిన ప్రతిసారీ మిద్దెక్కి చూసే మనిషి.

"డిష్షుకు బొమ్మ పంపేటివి మన పక్కనించి ఎగరేసే వస్తువులమ్మా. వాటిని ఇడిసిపెట్టి, స్తంభానికి యాలాడే తీగను నమ్మమంటావా?" అంటాడు.

"సినుకు పడితే నీ వస్తువు యాడ దాక్కుంటాదో సూడు. తీగ తెగితే కేబుల్ మునస్వామి నిచ్చెన ఎత్తుకోని వస్తాడు. నీ రాకెట్టోడు వస్తాడా?" అంటుంది అవ్వ.

ఈ తగువు నాకెంత మేలు చేసిందో చెప్పనివ్వండి. తిరుపతిలో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతానని నాయనకు చెప్పాలి. చేరడానికి గడువు దగ్గర పడింది. చెప్పాలంటే నిశ్శబ్దం కావాలి. అది దొరికినప్పుడల్లా డిష్షూ కేబులూ ముందే వచ్చి కూర్చుంటాయి. 'చెబుదామనే అనుకున్నాను, సందు దొరకలేదు' అని రోజూ హాయిగా పడుకోవచ్చు. పిరికివాళ్ళకు ఇంతకన్నా మంచి ప్యాకేజీ ఏ కంపెనీ ఇస్తుంది?

అసలు చెప్పడం లేదని ఎవరన్నారు? రోజూ చెబుతున్నాను. నాలుగు మగ్గాలూ ఆడుతున్నప్పుడు, నాయన వీపు వెనక నిలబడి, గొంతు చించుకుని.

పోయిన వారం కూడా అలాగే చెబుతున్నాను. తిరుపతి అయింది, హాస్టల్ అయింది, ఆఖరి వాక్యానికి వచ్చాను. ఠక్కున కరెంటు పోయింది. ఆగిన మగ్గాల మధ్య నా కేక ఒక్కటే మిగిలింది.

"నాకు అదే కావాల నాయనా!"

నాయన వెనక్కి తిరిగాడు. వెనకగదిలోంచి అవ్వ తొంగిచూసింది.

"ఏంది పాపా కావాల?"

ఇల్లంతా నా మాట కోసం ఆగింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న నిశ్శబ్దం అదే.

"కేబులు" అన్నాను.

నాయన అవ్వ వైపు తిరిగాడు. "పుట్టినకాడినించి నోరు తెరిసి ఒకటి అడగలేదు ఈ బిడ్డ. అడిగినాక ఇంక మాటేముండాది? ఏది అడిగినా ఇయ్యాల్సిందే" అన్నాడు. మర్నాడే మునస్వామి నిచ్చెనతో వచ్చాడు. మా ఇంట్లో నా మాట మీద జరిగిన మొదటి పని అది.

కేబుల్లో బొమ్మ బాగుంది. సౌండు సంగతి తెలియదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తగువు తీరిపోయింది కనుక కరెంటు పోతే ఎవరికీ పని లేదు. ఇంకేమన్నా కావాలా అన్నట్టు అందరూ నా మొహమే చూస్తున్నారు. ఈ బాధ పగవాళ్ళకు కూడా వద్దు.

నిన్న సాయంత్రం మళ్ళీ కరెంటు పోయింది. నాయన నావైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాను.

"డిష్షే మేలేమో నాయనా" అన్నాను.