మాధవయ్య ‘ఎక్కడ’ అన్న రోజు

శనివారం పొద్దున మాధవయ్య వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. భార్య వెంకటలక్ష్మితో ఎనిమిదింటి బస్సెక్కి ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోవడం, టీవీ కొనడం, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి తన స్టీలు సామాన్ల అంగడి తెరవడం. అంతే. కానీ ఆ మహానుభావుడి జేబులో ఒక కాగితం ఉంది. పదిహేను రోజులు ఫోనులో వీడియోలు చూసి రాసుకున్నది. అందులో తెర వెలుగు కొలిచే నిట్లు, హెర్ట్జులు, పిక్సెళ్లు అన్నీ ఉన్నాయి. అసలు టీవీ ఎందుకు కొంటున్నారో అది మాత్రం లేదు.

అది వెంకటలక్ష్మి మనసులో ఉంది. కూతురు దివ్యశ్రీ ఖోఖో జట్టుతో ఒడిశా వెళ్లింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫైనల్. ఇంటర్నెట్‌లో లైవ్ చూపిస్తారు. పిల్ల ఆట మొదలుపెట్టి ఎనిమిదేళ్లయినా, అంగడి పుణ్యమా అని అమ్మానాన్నలు ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఫోనులో అగ్గిపుల్లంత బిడ్డను చూసి తృప్తిపడే ఓపిక ఇక ఆ తల్లికి లేదు.

షాపులో వాణి అనే అమ్మాయి టీవీలు చూపించింది. మాధవయ్య కాగితం తీశాడు.

"నిట్లు ఎన్నమ్మా?"

"నాలుగు వందలు అంకుల్."

"హెర్ట్జులు?"

"అరవై."

"నూట ఇరవై ఉండాలని రాసుకున్యానే!"

"యోవ్, నీ నిట్లూ వద్దు, నీ అట్లూ వద్దు," అంది వెంకటలక్ష్మి. "అమ్మా, రేపు నాలుగింటికి నా బిడ్డ పెద్దగా కనపడాల. దానికి ఏ మీట నొక్కాలో సెప్పు, సాలు."

వాణి నవ్వి రిమోట్ తీసింది. మైకు బొమ్మ ఉన్న మీట నొక్కి, "యాగంటి బసవన్నను చూపించు," అంది. అంతే, గోడంత బసవన్న ప్రత్యక్షమయ్యాడు. మాధవయ్య చెంపలు వేసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోటితో చెబితే వినే టీవీ ఉండగా నిట్లెవడికి కావాలి?

ఆదివారం పొద్దున బిగించేవాడు వచ్చి, టీవీని గోడకు తగిలించి, ఏవేవో నొక్కి, ఇంకో ఇంటికి పోవాలంటూ పరుగెత్తాడు. మాధవయ్య రిమోట్ పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడే వెంకటలక్ష్మి సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"యోవ్, అహోబిలం పోతాండా. బిడ్డకు మొక్కు ఉండాది. మూడున్నరకంతా వస్తా. ఆట పెట్టి పెట్టు."

"ఊఁ," అన్నాడు మాధవయ్య. ఆ ‘ఊఁ’ నోటి నుంచి వచ్చిందే తప్ప చెవికి దాంతో సంబంధం లేదు.

తర్వాత మీట నొక్కి, గొంతు సవరించుకుని అడిగాడు. "ఖోఖో ఆట యాడొస్తాంది?"

టీవీలో సబ్బు ప్రకటన వచ్చింది.

"సబ్బు కాదప్పా. ఖోఖో! యాడ?"

సిమెంటు ప్రకటన వచ్చింది. ‘యాడ’ అన్నప్పుడల్లా ఒక ప్రకటన. ‘ఎక్కడ’కు బదులు మన సీమలో అనే ‘యాడ’ను ఆ పిచ్చి పెట్టె ‘యాడ్’ అనుకుంటోందని తెలుసుకోవడానికి ఆయనకు గంటన్నర, పదిహేడు ప్రకటనలు పట్టాయి. వాణికి ఫోన్ చేశాడు.

"అంకుల్, ‘యాడ’ అనకండి. పుస్తకంలో ఉన్నట్టు, మెల్లగా, మర్యాదగా అడగండి," అని ఆ అమ్మాయి పెట్టేసింది.

మర్యాద! మాధవయ్య జన్మలో వాడని ఫీచరు అది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో భార్యను "ఏమ్మే, యాడుండావ్?" అని తప్ప పిలిచి ఎరగడు. అయినా బిడ్డ ఆట కోసం తెగించాడు. టీవీ ముందు చేతులు కట్టుకున్నంత పనిచేసి, ఖోఖోనే ఒక పెద్దమనిషి అనుకుని గట్టిగా పిలవడం మొదలుపెట్టాడు.

"మీరు ఎక్కడ ఉన్నారు? దయచేసి కనిపించండి."

తెర మీద ఒక చక్రం తిరిగి ఆగిపోయింది.

"నా తప్పేమైనా ఉంటే క్షమించండి. నాలుగు గంటలలోపు దయచేసి రండి!"

గోడ అవతల బట్టలు కుడుతున్న పక్కింటి సర్దార్‌బీ మిషను ఆపేసింది. పొద్దున వెంకటలక్ష్మి సంచీతో పోవడం ఆమె కళ్లారా చూసింది. ఇప్పుడేమో మాధవయ్య ‘మీరు’ అంటున్నాడు. ‘క్షమించండి’ అంటున్నాడు! సంసారం కూలిపోతే తప్ప ఈ వీధిలో అలాంటి మాటలు పుట్టవు. వెంకటలక్ష్మికి ఫోన్ చేస్తే నల్లమలలో సిగ్నల్ లేదు. వెంటనే నంద్యాలలో ఉన్న వెంకటలక్ష్మి అన్న శివప్రసాద్‌కు చేసింది.

"అన్నా, బేగా రాండి. అక్క ఇల్లిడిసి పోయింది. మాధవన్న ఒక్కడే ఏడుస్తా, మర్యాదగా మాట్లాడతాండాడు!"

మూడు దాటేసరికి శివప్రసాద్ నలుగురు పెద్దమనుషులతో కారు దిగాడు. వెనకే సర్దార్‌బీ, ఆమె భర్త హుస్సేన్.

"బావా! యాడ నా సెల్లెలు?" అని ఉరిమాడు శివప్రసాద్.

బెదిరిపోయిన మాధవయ్య వేలు మీట మీదే బిగుసుకుపోయింది. టీవీలో నగల ప్రకటన వచ్చింది.

"నాకు తెల్దు బావా," అన్నాడు మాధవయ్య. నిజంగానే తెలియదు మరి.

"పెండ్లాం యాడుండాదో తెల్దా?"

పరుపుల ప్రకటన.

"మేం అడుగుతాంటే నువ్వు టీవీ సూస్తాండావా? సెప్పు, యాడ?"

నెయ్యి ప్రకటన. పెద్దమనుషుల్లో ఒకాయన కాసేపు నెయ్యి వైపే చూసి, మళ్లీ కోపం తెచ్చుకున్నాడు.

నాలుగుకు పది నిమిషాలుండగా వెంకటలక్ష్మి ప్రసాదంతో లోపలికొచ్చింది. అందరి తలలూ ఒక్కసారే అటు తిరిగాయి.

"ఏందన్నా? ఎవురికేమయింది?"

"నీ మొగుడు నిన్ను ‘మీరు’ అన్యాడంట!" అన్నాడు శివప్రసాద్.

"నన్నా?" ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది.

"నిన్ను కాదుమ్మే, టీవీని," అని మాధవయ్య గొణిగాడు.

వెలుగు ఆరిపోయింది. "మొక్కుకు పోతాండానని సెప్పి పోతే ఇనలేదు. పెట్టెకు మాత్రం దండాలు! సరే, ఆట పెట్టినావా?"

మాధవయ్య తల దించుకున్నాడు. వెంకటలక్ష్మి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎనిమిదేండ్లయ్యా. ఈపొద్దన్నా నా బిడ్డను సూస్తాననుకున్యా."

ఇంత గొడవకూ తానే కారణమని సర్దార్‌బీకి సిగ్గు ముంచుకొచ్చింది. ఆ విసురులో రిమోట్ లాక్కుని, ఇంట్లో హుస్సేన్ మీద అరిచే ఉర్దూలోనే, ఖోఖో పెట్టమని టీవీ మీద అరిచింది. "అరే, ఖోఖో ఫైనల్ లగా రే!"

క్షణంలో మైదానం ప్రత్యక్షమైంది. బిగించినవాడు తొందరలో టీవీకి హిందీ పెట్టిపోయాడని అప్పుడు బయటపడింది. పొద్దున్నుంచీ మాధవయ్య చేసిన మర్యాదంతా భాష రాని చోట వృథా అయింది.

కొట్లాటకు వచ్చినవాళ్లంతా నేల మీద కూర్చుని ఆట చూశారు. దివ్యశ్రీ ఇద్దరిని తప్పించుకుని, మూడో అమ్మాయికి అందకుండా స్తంభం చుట్టూ తిరిగినప్పుడు శివప్రసాద్ లేచి ఈల వేశాడు. జట్టు గెలిచింది. వెంకటలక్ష్మి తెర దగ్గరికెళ్లి, తన తలకంటే పెద్దదైన కూతురి ముఖాన్ని చేత్తో నిమిరి ఏడ్చేసింది. మాధవయ్య కూడా ఏడ్చాడు, ఎవరూ చూడలేదనుకుని.

అందరూ ప్రసాదం తిని వెళ్లిపోయాక ఆయన కుర్చీలో వాలి పిలిచాడు. "ఏమ్మే, యాడుండావ్? రోన్ని కాఫీ తెచ్చియ్యి!"

వంటింట్లోంచి జవాబు లేదు. రెండోసారీ లేదు. మాధవయ్యకు విషయం అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు.

"వెంకటలక్ష్మి గారూ, మీరు ఎక్కడ ఉన్నారండీ?"

"వస్తాండా," అని వంటింట్లోంచి తియ్యగా వినిపించింది.

గోడ అవతల సర్దార్‌బీ మిషను ఆపి, హుస్సేన్ వైపు తిరిగి, "ఇన్యావా? నన్నెప్పుడంటావ్ ‘గారూ’ అని?" అంది.