కెర్నెల్ వాంగ్మూలానికి చోటు లేదు

ప్రతి కెర్నెల్‌కూ తాను ఎందుకు చస్తోందో చెప్పి చచ్చే హక్కు ఉండాలి. అమెరికాలో, పార్సిప్పనీలోని మా సరుకు రవాణా కంపెనీ ఈ హక్కును ఏకగ్రీవంగా గుర్తించింది. (గుర్తించడానికి ఖర్చేమీ ఉండదు.)

కెర్నెల్ అంటే కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్దదిక్కు. అది కూలితే అన్నీ ఆగిపోతాయి. కూలే క్షణంలో మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి పోతే దాన్ని డంప్ అంటారు. ఒకరకంగా మరణ వాంగ్మూలం. చదివితే హంతకుడెవరో తెలుస్తుంది. అందుకోసం మా సర్వరు డిస్కులో కొంత చోటు ప్రత్యేకంగా కేటాయించారు కూడా.

సర్వరు తరచూ కూలుతోంది కానీ, ఒక్క డంపూ దొరకలేదు. దొరకనప్పుడల్లా స్థిరత్వ విభాగం డైరెక్టర్ రాధాకృష్ణగారు మీటింగ్ పెట్టేవారు. కారణం కనిపెట్టాల్సిన బాధ్యత మాత్రం హెచ్-1బి వీసా మీద ఉన్న కాంట్రాక్టర్ చక్రపాణిది. నెలాఖరులోగా కనిపెట్టకపోతే కాంట్రాక్ట్ రెన్యూ కాదు, వీసా గండంలో పడుతుంది. పాపం, అతనికి అన్నం సయించడం మానేసింది.

ఒకరోజు రాధాకృష్ణగారి దగ్గరికి పరుగున వచ్చాడు.

"సార్, డంప్‌కి రిజర్వ్ చేసిన స్పేస్ ఫుల్ అయిపోయిందండీ. అందుకే సేవ్ అవట్లేదు."

"ఫుల్లా? ఏముంది అందులో?"

"మన మీటింగ్ రికార్డింగ్స్ అండీ."

"ఏ మీటింగ్స్?"

"డంప్ ఎందుకు రావట్లేదని పెట్టుకున్నవి."

రాధాకృష్ణగారు గంభీరంగా తలపంకించి, దీనిమీద ఒక మీటింగ్ పెట్టారు. (రికార్డ్ చేశారు.) రికార్డింగులు కంపెనీ జ్ఞానసంపద కనుక చెరపరాదనీ, కెర్నెలే తన వాంగ్మూలాన్ని ఒక్క వాక్యంలో, వీలైతే ఆశావహంగా, చెప్పడం నేర్చుకోవాలనీ తీర్మానించారు.

చక్రపాణికి ఒళ్లు మండింది. అందరూ మ్యూట్‌లో కూర్చున్న రికార్డింగ్ ఒకటి చూసి డిలీట్ చేశాడు. మర్నాడు సర్వరు కూలింది, డంప్ వచ్చింది. హంతకుడు దొరికాడు: సర్వరు కూలకుండా కాపలా కాయడానికి రాధాకృష్ణగారు స్వయంగా పెట్టించిన ప్రోగ్రాము. దానికి ఆయన అవార్డు కూడా అందుకున్నారు. నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది, కానీ నా కాంట్రాక్టూ ఆయన చేతిలోదే.

"వెరీ నైస్ వర్క్ చక్రపాణీ," అన్నారు రాధాకృష్ణగారు. "ఎవరికీ మెయిల్ పెట్టలేదు కదా?"

"లేదండీ, ముందు మీకే చూపిస్తున్నా."

"గుడ్."

నెలాఖరున కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు.

"కారణం కనిపెట్టాను కదండీ?" అన్నాడు చక్రపాణి.

"అదే కదా. దొరికేసింది. ఇంక మీతో పనేముందండీ?" అన్నారాయన చాలా మర్యాదగా.

సమస్యకు మూలమైనదాన్ని గుర్తించి, వ్యవస్థ నుంచి తొలగించామని పైకి నివేదిక వెళ్లింది. కాపలా ప్రోగ్రాము ఇంకా సర్వరులోనే ఉంది.