ఎప్పుడు మానాలో మీరే చెప్పండి!

కడుపుతో ఉన్న ఉద్యోగినికి సొంత బుర్ర అక్కర్లేదు. నన్నడిగితే, లేకపోవడమే మంచిది!

కోప్పడకండి. ఇది తిట్టు కాదు, అనుభవం మీద చెబుతున్న మాట. బిడ్డ పుట్టేలోగా ఉద్యోగం ఎప్పుడు ఆపాలి? వినడానికి ఎంత పెద్ద ప్రశ్న! ఒక్కర్తే కూర్చుని ఆలోచిస్తే తల పగిలిపోదూ? ఆ బాధ మనకి లేదు. జవాబు లోకమంతా సిద్ధంగా చేతిలో పట్టుకుని నిలబడింది. మనం చేయాల్సిందల్లా పొట్ట కనపడేలా కాస్త పక్కకి తిరగడమే!

నా సంగతే చూడండి. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. పళ్ళ డాక్టర్లు పేషంట్ల నోటి అచ్చులు పంపిస్తారు. ఆ అచ్చు మీద మైనం పరిచి, అందులో ఒక్కో పన్నూ గుచ్చి, చిగుళ్ళు చెక్కి, వరస కుదర్చడం నా పని. రోజంతా నా బల్ల మీద పైవరసలూ కిందివరసలూ నన్ను చూసి నవ్వుతూ ఉంటాయి. ఇన్ని నవ్వుల మధ్య ఉద్యోగం చేసే అదృష్టం ఎంతమందికుంటుంది చెప్పండి? పైగా ఒక్కటీ సలహా ఇవ్వదు!

సలహాలిచ్చే నోళ్ళు వేరే ఉన్నాయి.

ముందుగా తెలిసింది సైరన్‌కి. సైరన్ అంటే మా పాలిషింగ్ మిషన్ దగ్గర పనిచేసే ఆవిడ. ఆ మిషన్ హోరులో అరిచి అరిచి, మిషన్ ఆగాక గొంతు తగ్గించడం మరిచిపోయింది. నేను విషయం చెవిలో చెప్పాను. ఆవిడ కూడా రహస్యంగానే, "ఏంటీ, మూడో నెలా!" అంది. వీధి చివర పంక్చర్లు వేసే అతను తలెత్తి చూశాడు.

"ఐదో నెల దాటాక ఒక్కరోజు రావద్దు. నేను ఏడో నెల దాకా చేశాను. మావాడికి ఇప్పటికీ ఎక్కాలు రావు," అంది.

చూశారా, ఎంత తేలిగ్గా తేలిపోయిందో! పిల్లలకి ఎక్కాలు రావాలంటే బడి అక్కర్లేదు, మాస్టారు అక్కర్లేదు. తల్లి ఐదో నెలలో రాజీనామా ఇస్తే చాలు!

ఇంటికెళితే పై వాటా పిన్నిగారు మెట్ల మీదే పట్టుకున్నారు.

"ఆఖరి రోజు దాకా వెళ్ళమ్మా. తిరుగుతూ ఉంటే కాన్పు సులువు. మా తోడికోడలు ఆఫీసు నుంచే ఆస్పత్రికెళ్ళింది. దారిలో కూరగాయలు కూడా కొనుక్కుంది."

సైరన్ మాట వింటే బిడ్డకి లెక్కలొస్తాయి. పిన్నిగారి మాట వింటే ఇంట్లోకి కూరగాయలొస్తాయి. ఏది వదులుకోగలను?

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన సాంకేతికంగా ఆలోచించాడు. "బరువు ఎక్కువైతే లిఫ్టు దానంతటదే ఆగిపోతుంది. నీకూ అలాగే తెలిసిపోతుందిలే," అన్నాడు, ఎంతో ప్రేమగా. ఆ పూట ఆయన కంచం ఆయనే కడుక్కున్నాడు. ఎందుకో ఆయనకి తెలియలేదు.

మాతో ఉండే మా అత్తగారిది ఒకటే మాట. "రేపట్నుంచే మానెయ్."

మా ఆయన కూడా తన ఆఫీసులో కబురు చెప్పాడు. అందరూ చేతులు కలిపి, వీపు తట్టి, "ఇక బాధ్యత పెరిగిందోయ్" అని ఆదివారం డ్యూటీ కూడా వేశారు. ఎప్పుడు మానుతున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాపం! తండ్రి కాబోయే మగవాడు తన ఉద్యోగం సంగతి తానొక్కడే చూసుకోవాలి. ఎంత ఒంటరితనం!

ఇంతమంది ఉండగా డాక్టరమ్మ ఒక్కత్తే తన బాధ్యత విస్మరించింది. నా పని ఎలాంటిదో అడిగి తెలుసుకుని, "ఆ ఘాటు వాసన కొట్టే ద్రావకం జోలికి మాత్రం వెళ్ళకు. అది వేరేవాళ్ళకి అప్పగించు. మైనం పని కూర్చుని చేసేదేగా, చేసుకో. మధ్యమధ్యలో లేచి నడు. అంతా బాగానే ఉంది," అంది.

అత్తగారు ముందుకు జరిగారు. "అయితే ఎప్పుడు మానమంటారు?"

"ఆ అమ్మాయికి ఎప్పుడు మానాలనిపిస్తే అప్పుడు."

బయటికొచ్చాక అత్తగారు, "ఈవిడ నిజంగా డాక్టరేనంటావా?" అన్నారు. మా ఆయన వెనక్కి వెళ్ళి తలుపు మీద బోర్డు మళ్ళీ చదివొచ్చాడు. ఇంతింత చదువులు చదివి, పేషంటుని పట్టుకుని "నీ ఇష్టం" అంటారా ఎవరైనా? అలా అనడానికి డాక్టరెందుకు?

పైకి చెప్పకూడదు గానీ, నాకూ ఒక ఇష్టం ఉండేది. ఎనిమిదో నెల నిండేదాకా చేద్దామని. సెలవనేది దుప్పటి లాంటిది. తల వైపు లాక్కుంటే కాళ్ళు బయటపడతాయి. ముందే వాడేసుకుంటే, బిడ్డ పుట్టాక దాన్ని సరిగ్గా ఎత్తుకోవడం వచ్చేలోపే మళ్ళీ డ్యూటీకి పరిగెత్తాలి. అదీగాక, నాకా పనంటే ఇష్టం. ముందుపళ్ళు వరసలో కూర్చున్నాక ఒక మొహం పుట్టుకొస్తుంది చూడండి, ఆ క్షణం నాకు ఇంకెక్కడా దొరకదు.

అయితే నా ఇష్టాన్ని ఎవరడిగారని చెప్పను? అడగకుండా చెబితే పొగరంటారు!

ఏడో నెలలో ఒక పొద్దున ల్యాబుకి వెళితే నా బల్ల మీద పళ్ళు లేవు. కేకుంది. దాని మీద "హ్యాపీ రెస్ట్" అని క్రీముతో రాసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. సైరన్ ఏడ్చింది. ఆ ఏడుపుకి పంక్చర్ల అతను పరిగెత్తుకొచ్చి, కేకు ముక్క తిని వెళ్ళాడు.

మా ఓనరు గారు గొంతు సవరించుకున్నారు. "నువ్వు మా ఫ్యామిలీ మెంబరువమ్మా. ఈ టైములో నీకు టెన్షను ఉండకూడదు. అందుకే నీ తరఫున నేనే నిర్ణయం తీసేసుకున్నాను. రేపట్నుంచి హాయిగా రెస్ట్!"

"ఇంకా టైముంది కదండీ, నేను..."

"నోరు తీపి చేసుకో ముందు," అని పెద్ద ముక్క నా నోట్లో పెట్టారు.

మీరే చెప్పండి, నోట్లో కేకు పెట్టుకుని హక్కుల గురించి మాట్లాడడం ఎలా? అది మింగేసరికి ఉపన్యాసం అయిపోయింది. చప్పట్లూ అయిపోయాయి. నా కుర్చీలో ఓనరు గారి బావమరిది కూర్చుని ఉన్నాడు.

ఎంత ముందుచూపు! నా ఆరోగ్యం గురించి అంతలా బెంగపడి, ఆ బెంగ తీరే దారి లేక, ఖాళీగా ఉన్న సొంత బావమరిదిని త్యాగం చేశారాయన. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ?

ఇక నా విశ్రాంతి మొదలైంది. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ల్యాబులో నేను కూర్చుని పనిచేసేదాన్ని. ఇంట్లో నిలబడి విశ్రాంతి తీసుకున్నాను. "ఇంట్లోనే ఉంటున్నావుగా" అని మా ఆయన వాషింగ్ మిషన్ బాగుచేసే అతన్ని రమ్మన్నాడు, నల్లా బిగించే అతన్ని రమ్మన్నాడు, ఉతకాల్సిన కర్టెన్లు గుర్తుచేశాడు. "ఇంట్లోనే ఉంటున్నావుగా" అని పై వాటా పిన్నిగారు వాళ్ళ ఇంటి తాళాలు నా దగ్గర పెట్టారు. నేను రెస్ట్‌లో ఉన్నానని తెలిసి చుట్టాలు చూడడానికి వచ్చారు. రెస్ట్ చూసి, టీ తాగి, "జాగ్రత్తమ్మా, ఎక్కువ నిలబడకు" అని నిలబడే ఉన్న నాకు కప్పులిచ్చి వెళ్ళారు. పళ్ళ బిగువున అందరికీ నవ్వుతూ వీడ్కోలు చెప్పాను. వృత్తిధర్మం!

ఒక మధ్యాహ్నం, కప్పులు కడుగుతుంటే మా అత్తగారు వచ్చి నా చేతిలోంచి కప్పు లాక్కున్నారు.

"ఆ పళ్ళ పని ఎలా ఉంటుందే?" అన్నారు.

ఎప్పుడూ అడగని మాట. గుచ్చడం, చెక్కడం, వరస కుదర్చడం చెప్పాను. ఆవిడ కడుగుతూనే విన్నారు.

"నేనూ గుచ్చేదాన్ని. వైర్లు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా నా చేతి మీదుగానే వెళ్ళాలి. ఊళ్ళో సగం ప్రేమలూ, సగం తగువులూ నాకు తెలుసు."

"మరి ఎందుకు మానేశారత్తయ్యా?"

"నేనెక్కడ మానేశాను? మీ ఆయన కడుపులో పడ్డాడని, మంచి మాటలు చెప్పి గోడగడియారం ఇచ్చి పంపారు. కాన్పయ్యాక రమ్మన్నారు. వెళ్ళాను. నా సీట్లో వేరే అమ్మాయి. పిల్లాడింకా చిన్నవాడు కదమ్మా, కొన్నాళ్ళు ఆగండి అన్నారు." ఆవిడ కప్పు బోర్లించారు. "ఆ కొన్నాళ్ళు వాడి పెళ్ళి దాకా సాగాయి."

"మరి నన్ను రేపట్నుంచే మానెయ్యమన్నారేంటి?"

"నాకు చెప్పిందే నీకు చెప్పాను. వేరే మాట నాకెవరు నేర్పారు?" అని కసిరారు. చెయ్యి తుడుచుకుని, నా వైపు చూడకుండానే, "పొద్దున్నే డబ్బా కడతాను. వెళ్ళు," అన్నారు.

మర్నాడు డబ్బా పట్టుకుని ల్యాబుకి వెళ్ళాను. నా బల్ల దగ్గర బావమరిది చొక్కా చేతికంటిన మైనం గీక్కుంటున్నాడు. నన్ను చూడగానే ఎగిరి లేచాడు.

"వచ్చేశావా అక్కా! నన్ను కాపాడావు! నాకీ పళ్ళంటే భయం. కళ్ళు మూస్తే చాలు, వచ్చి కొరుకుతున్నాయి. నాకు లారీ తోలాలనుంది. బావ వినడు. నన్నొక్క మాట కూడా అడక్కుండా తెచ్చి ఇక్కడ కూలేశాడు."

ఓనరు గారు గదిలోంచి బయటికొచ్చారు. బావమరిది ఆయన ఎదురుగానే, "బావా, నేను మానేస్తున్నా," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అంతే! కేకు లేదు, ఉపన్యాసం లేదు. ఎన్నో నెలలో మానాలని ఎవరినీ అడగలేదు. మానేస్తానన్నాడు, మానేశాడు. మా ల్యాబు మొత్తంలో ఎప్పుడు మానాలో తనకు తాను నిర్ణయించుకున్న మొట్టమొదటి మనిషి, కడుపులో ఏమీ లేని మనిషి!

ఓనరు గారు అటు తలుపునీ, ఇటు బల్ల మీద పేరుకున్న అచ్చులనీ చూశారు. "నీ మంచి కోసమే కదమ్మా ఇదంతా..."

"తెలుసండి," అన్నాను. ఈసారి నా నోరు ఖాళీగా ఉంది. "ఇకమీదట నా మంచి నేను చూసుకుంటాను. ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను. ఈలోగా ఈ కుర్చీలో వేరేవాళ్ళు కూర్చోకూడదు. కాన్పయ్యాక కూడా."

"అలాగే, అలాగే," అన్నారు. ఎందుకైనా మంచిదని సైరన్ వింటుండగా ఇంకోసారి అనిపించాను. సైరన్ విన్నదంటే సాక్ష్యానికి వీధంతా ఉన్నట్టే.

అలా మళ్ళీ పనిలో పడ్డాను. ద్రావకం పని సైరన్ చూసుకుంది. నేను మైనం చూసుకున్నాను. ఎనిమిదో నెల నిండనేలేదు, ఒక మధ్యాహ్నం చేతిలోంచి ఒక కోరపన్ను జారి బల్ల కిందకి దొర్లింది. దానికేసి చూశాను. వంగాలా? అక్కర్లేదనిపించింది. నడుము నొప్పి కాదు, భయం కాదు. చాలనిపించింది. మైనం కరిగించే దీపం ఆర్పేసి, "రేపట్నుంచి రాను," అన్నాను.

ఇక చూడండి!

"ఇంత సడన్‌గానా?" అన్నారు ఓనరు గారు. "మా అమ్మయితే నొప్పులొచ్చేదాకా పనిచేసింది తెలుసా!"

"అప్పుడే? అంత తొందరేంటి?" అంది, ఐదో నెల గడువు పెట్టిన సైరన్.

ఆఖరి రోజు దాకా వెళ్ళమన్న పై వాటా పిన్నిగారు మాత్రం, "ఎప్పుడో మానాల్సింది. ఇన్నాళ్ళూ ఏంటా మొండితనం?" అన్నారు.

"డాక్టర్ని అడిగావా?" అన్నాడు మా ఆయన. ఆవిడ నన్నే అడగమందని గుర్తుచేశాను.

మా అత్తగారు నా చేతిలో డబ్బా అందుకున్నారు. "అలసిపోయావా?"

"అవునత్తయ్యా."

"అయితే సరే," అన్నారు. లోపలికెళ్ళి పక్క దులిపారు. ఆ రోజు వచ్చిన చుట్టాలకి టీ మా ఆయన పెట్టాడు. ఎలా ఉందని నన్నడక్కండి, నేను నిద్రపోయాను.

పాప పుట్టింది. అందరూ చూడడానికి వచ్చారు. నా మంచం చుట్టూ నిలబడి, నేను మళ్ళీ ఉద్యోగంలో ఎప్పుడు చేరాలో చర్చ మొదలుపెట్టారు. మూడు నెలలన్నారొకరు. ఏడాదన్నారొకరు. అసలెందుకు చేరాలన్నారు ఇంకొకరు. నేను మర్యాదగా నవ్వుతూ విన్నాను. చెప్పానుగా, నాలాంటిదానికి బుర్రతో పనిలేదు!

ఇంతలో పాప ఏడ్చింది. వెంటనే చర్చ అటు మళ్ళింది. ఆకలన్నారు. ఉక్కపోతన్నారు. చలన్నారు. కడుపునొప్పన్నారు. పాపని ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి తిప్పారు. పాప గుప్పిళ్ళు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని ఒక్క కేక పెట్టింది. సైరన్ గొంతు కూడా అందులో కొట్టుకుపోయింది. ఎవరి సలహా ఎవరికీ వినపడలేదు. మా అత్తగారు పాపని తెచ్చి నా పక్కన పడుకోబెట్టి, అందరినీ బయటికి నడిపించి తలుపు వేశారు.

పాప టక్కున ఏడుపు ఆపింది. ఆవులించింది. హాయిగా నిద్రపోయింది.

దాని ఇబ్బందేమిటో అప్పుడర్థమైంది. నా ఇబ్బందీ అదే!