పోయిన వస్తువుల గదిలో పదిహేడో కాగితం

ఏవండోయ్, మిమ్మల్నే! అంత గంభీరంగా మొహం పెట్టుకుని చదువుతున్నారు గానీ, ఇవాళ పొద్దున్నించి ఏం పారేసుకున్నారో చెప్పండి చూద్దాం. కళ్ళజోడా? నెత్తిమీదుంది, తడుముకోండి. చూశారా, నిజంగానే చెయ్యి పైకెళ్ళింది! ఇంత తేలిగ్గా బోల్తాపడే మనిషి దొరికాక కథ చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బిపోతుంది.

అనగనగా ఒక పెద్ద బస్టాండు. దాని వెనకాల, మెట్ల కింద, పోయిన వస్తువులు దాచే గది. అందులో గొడుగుల బాబాయి. జనం బస్సుల్లో ఎక్కువగా మర్చిపోయేది గొడుగులే కాబట్టి ఆయనకా పేరు. అసలు పేరొకటి జీతం కాగితం మీద ఉండేది గానీ, దాంతో పిలిచే భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. గదిలో రెండొందల గొడుగులు, నలభై డబ్బాలు, బోలెడు ఒంటి చెప్పులు, ఎవరిదో పళ్ళసెట్టు. ఆ పళ్ళసెట్టు బల్లమీద పెట్టి, వచ్చినవాళ్ళని హడలగొట్టాలని ఆయన సరదా. వచ్చేవాళ్ళే లేక, పొద్దున తలుపు తీయగానే తనే దాన్ని చూసి ఉలిక్కిపడి, తనే నవ్వుకునేవాడు.

ఆ బుధవారం పొద్దున మాత్రం బాబాయి దగ్గర ఒక పథకం ఉంది. నెల మొదట్లో మేనేజరు ఫోన్లో తెగేసి చెప్పాడు.

"ఏడాదికి పదకొండు ఫిర్యాదులా? ఈ నెల పదైనా రాకపోతే గది మూసేస్తాం. నువ్వెళ్ళి వెనక షెడ్డులో పాత టైర్లు చూసుకో."

 బాబాయికి గొడుగులతో అయితే మాట్లాడటం అలవాటైపోయింది. టైర్లతో మళ్ళీ మొదటినించీ పరిచయం పెంచుకోవాలి.

సరిగ్గా అప్పుడే పక్క వీధి బడి టీచరమ్మ వచ్చింది.

"బాబాయిగారూ, మా పిల్లలకి ఇంగ్లీషు పుస్తకంలో నేర్పితే పుస్తకంలోనే ఉండిపోతోందండీ. అందుకే బజారుకి తీసుకెళ్ళి కూరగాయలు అడిగించా. పోస్టాఫీసులో ఉత్తరాలు వేయించా. ఇప్పుడు మీ దగ్గరికొచ్చి వస్తువు పోయిందని ఇంగ్లీషులో చెప్పి, కాగితం నింపి ఇస్తారు. ఉత్తుత్తినే. మీకు ఇంగ్లీషు వచ్చు కదా?"

"కొట్టిన పిండమ్మా!" అన్నాడు బాబాయి. ఆయనకొచ్చిన ఇంగ్లీషు రెండే రెండు మాటలు. ఒకటి యస్, రెండోది టుమారో. కానీ పిల్లలు పదిహేడుమంది. అంటే పదిహేడు కాగితాలు. ఉత్తుత్తి కాగితాల మీద అసలు ముద్ర గుద్దేస్తే మేనేజరు తాత కూడా కనిపెట్టలేడు.

ఆ బుధవారం పదింటికి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. టీచరమ్మ గుమ్మంలోనే ఆపి చెప్పింది. "ఈ గదిలో ఉన్నవన్నీ ఎవరో పోగొట్టుకున్నవే. ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళేదాకా ఇక్కడే ఉంటాయి. అర్థమైందా?"

ఇక మొదలైంది జాతర.

"ఐ లాస్ట్ మై అంబ్రెల్లా!"

"యస్!"

"రెడ్ అంబ్రెల్లా!"

"యస్ యస్! టుమారో!" ఠప్. ముద్ర.

"ఐ లాస్ట్ మై ఎలిఫెంట్!" అన్నాడొక గడుగ్గాయి.

"యస్! టుమారో!" ఠప్.

పిల్లలు పడీపడీ నవ్వారు. ఎందుకో తెలీకపోయినా బాబాయి వాళ్ళకంటే గట్టిగా నవ్వాడు. ఎర్ర గొడుగు, నల్ల గొడుగు అని ఇంగ్లీషులో అరుస్తూ వాళ్ళు గొడుగులన్నీ విప్పేశారు. ఆరేళ్ళుగా దుమ్ము తప్ప మరేదీ కదలని గదిలో కాలు పెట్టే చోటు లేదు.

ఒక్క పిల్ల మాత్రం బెంచీ చివర కూర్చుంది. బడిలో కూడా నోరు విప్పని పిల్లట. బాబాయి వంక చూడ్డం, కాగితం మీద రాయడం, మళ్ళీ చూడ్డం. అందరికంటే చివర్న వచ్చి కాగితం చేతిలో పెట్టింది. బాబాయి చదవలేదు. చదవడం వస్తే కదా. "యస్," అని ఠప్పున ముద్రేశాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. గొడుగులు మళ్ళీ ఉత్త గొడుగులైపోయాయి.

అరగంట తిరక్కుండా, ఫిర్యాదుల లెక్క చూసుకోడానికి మేనేజరు ఊడిపడ్డాడు. ఈ బస్టాండుకొచ్చిన మూడేళ్ళలో ఆయన ఆ గది గుమ్మం తొక్కడం అదే మొదలు. బాబాయి వైపైనా చూడకుండా కాగితాల దొంతర లాక్కున్నాడు.

"పదిహేడా! ఒక్క పూటలోనా! అన్నీ ఇంగ్లీషులోనా! నీకు ఇంగ్లీషొచ్చా?"

"కొట్టిన పిండి సార్."

"ఇదేంటయ్యా, ఏనుగు పోయిందా?"

ఇందాక పిల్లలు ఎందుకు నవ్వారో బాబాయికి అప్పుడు తెలిసింది. "బొమ్మ ఏనుగు సార్," అన్నాడు తడుముకోకుండా.

మేనేజరు పదిహేడో కాగితం దగ్గర ఆగాడు.  "మనిషయ్యా! మనిషి తప్పిపోతే ముద్రేసి ఫైల్లో పెడతావా? బుద్ధుందా?" అంటూ కాగితం పట్టుకుని మైకు గదికి పరిగెత్తాడు.

బాబాయి నోరు తెరిచాడు. ఉత్తుత్తిది సార్ అంటే మిగతా పదహారూ ఉత్తుత్తివేనని తేలిపోతుంది, ఆ తర్వాత టైర్లే. పైగా ఆ పిల్ల ఆడుకున్నట్టు లేదు, నిజంగానే రాసింది. వాళ్ళ తాతయ్య గానీ తప్పిపోయాడేమో? తెరిచిన నోరు మూసేశాడు. ఇంతలో పైనించి మైకు మోగింది.

"ప్రయాణికులకు మనవి. ఒక పెద్దాయన తప్పిపోయారు. వయసు అరవై. బట్టతల. కళ్ళజోడుకి ఒక పక్క దారం కట్టి ఉంటుంది. ఆకుపచ్చ స్వెట్టరు, మోచేతి దగ్గర చిరుగు. నవ్వుతూ ఉంటారు. ఆయనతో ఎవరూ లేరు."

బాబాయి మనసు చివుక్కుమంది. "పాపం, ఆ చిరుగు కుట్టిపెట్టే దిక్కు కూడా లేదు కామోసు," అనుకుంటూ, జారిపోతున్న కళ్ళజోడు దారం బిగించుకున్నాడు.

పది నిమిషాల్లో ఒక కండక్టరు ఓ బట్టతలాయన్ని రెక్క పట్టుకుని తెచ్చాడు.

"ఇడుగో బాబాయ్, దొరికాడు!"

"నేను తప్పిపోలేదు మొర్రో! మా ఆవిడ కోసం చూస్తున్నా!"

"తప్పిపోయినవాళ్ళంతా ఇదే మాటంటారు. కూర్చోండి," అని కండక్టరు చక్కా పోయాడు.

తర్వాత ఊడ్చే ఆవిడ ఒకాయన్ని తెచ్చింది. క్యాంటీను కుర్రాళ్ళు ఇద్దర్ని తెచ్చారు. గంటలో బెంచీ మీద ఐదు బట్టతలలు వరసగా మెరిశాయి. బాబాయి ఒక్కొక్కర్నీ తనిఖీ చేశాడు.

"స్వెట్టరేదండీ?"

"ఈ ఎండలో స్వెట్టరేంటయ్యా, నీలాగా నాకేమన్నా పిచ్చా?"

పక్కాయనతో, "మీ చొక్కా రంగు కుదిరింది గానీ చిరుగు లేదు. అయినా కూర్చోండి, ఎక్కడైనా చిరుగుతుందేమో చూద్దాం."

అందులో ఒకాయన బల్లమీది పళ్ళసెట్టు చూసి కెవ్వుమన్నాడు. ఆరేళ్ళకి పండిన వేళాకోళం! బాబాయి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. మిగతా నలుగురూ అందుకున్నారు. జుట్టు ఎవరికి ఏ వయసులో రాలిందో, ఎవరి పెళ్ళాం ఏమందో, కబుర్లే కబుర్లు. ఆ పెద్దాయన ఇంకో గంటదాకా దొరక్కపోతే బాగుండునని బాబాయికి అనిపించింది. అంతలోనే, ఛీ, అదేం కోరికని చెంపలేసుకున్నాడు.

ఈలోగా కాగితం మీది పేరుని బట్టి వాకబు చేసి, బస్టాండు ముందు చెట్టునీడన డబ్బాలు విప్పుకుని తింటున్న పిల్లల్ని టీచరమ్మతో సహా వెంటబెట్టుకుని మేనేజరు వచ్చాడు. పదిహేడో కాగితం పిల్లని ముందుకు తెచ్చాడు.

"భయపడకమ్మా. వీళ్ళలో మీ తాతయ్య ఎవరో చూపించు."

ఆ పిల్ల ఐదుగుర్నీ దాటుకుంటూ నడిచింది. బల్ల దగ్గర ఆగింది. బాబాయి వైపు వేలు పెట్టింది.

 మేనేజరు ఆయన్ని మొదటిసారి తేరిపార చూశాడు. బట్టతల. దారం. స్వెట్టరు. బాబాయి కూడా మోచెయ్యి తిప్పి చూసుకున్నాడు. చిరుగు ఉంది.

ఐదుగురూ ఒక్కసారి గొల్లుమన్నారు.

"ఎందుకమ్మా అలా రాశావు?" అంది టీచరమ్మ.

ఆ పిల్ల బడిలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడింది. "మీరే చెప్పారుగా టీచర్, ఈ గదిలో ఉన్నవన్నీ పోయినవేనని. ఎవరో ఒకరు వచ్చేదాకా ఇక్కడే ఉంటాయని."

నవ్వు ఆగిపోయింది. ఐదుగురూ లేచి, ఒకరి తర్వాత ఒకరు, ఎవరి మనుషుల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. బాబాయి మాత్రం నవ్వుతూనే నిలబడ్డాడు. నవ్వుతూ ఉంటారని మైకులో చెప్పేశారు కదా, ఇంక తప్పదు.

టీచరమ్మ జరిగింది చెప్పింది. మేనేజరు పదహారు కాగితాలు పరపరా చింపి, పదిహేడోది మిగిల్చాడు.

"ఇదొక్కటే నిజం ఫిర్యాదు. దొరికిన వస్తువుని తొంభై రోజులు ఉంచాలి. అప్పటికీ ఎవరూ రాకపోతే గది సంగతి చూద్దాం," అని ఆ కాగితం అడుగున తేదీ వేసి పొడి సంతకం గీకాడు. ఆ పిల్లని దగ్గరికి పిలిచి, చెవిలో ఏదో చెప్పి పెన్నిచ్చాడు. "నువ్వు కూడా పెట్టమ్మా సంతకం, ఇదిగో ఇక్కడ." ఫిర్యాదు ఇచ్చినందుకు కాబోలనుకున్నాడు బాబాయి.

అప్పట్నించి బుధవారం బుధవారం పిల్లలొచ్చేవాళ్ళు. గొడుగులకి రంగుల పేర్లు ఇంగ్లీషులో రాసి చీటీలు కట్టారు. చీటీ కట్టేటప్పుడల్లా ఆ పిల్ల బాబాయి వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించేది. మిగతా ఆరు రోజులూ బాబాయి రోజులు లెక్కపెట్టుకునేవాడు. ఎవరూ రాలేదు. ఎవరొస్తారు? సాయంత్రం తాళం వేసుకుని, ఒక్కడే నడుచుకుంటూ ఇంటికెళ్ళేవాడు.

ఎనభైతొమ్మిదో రోజు. రేపటితో సరి. ఆఖరుసారి చూద్దామని ఆ కాగితం తీసి, అడుగున ఉన్న గడిమీద వేలు పెట్టాడు. వేలు ఊరికే ఉండలేక ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. అది ఫిర్యాదు ఇచ్చినవాళ్ళ గడి కాదు. వస్తువుని తీసుకెళ్ళినవాళ్ళ గడి. అందులో ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకి తిరిగి ఆ పిల్ల పేరు. పక్కనే ఆ బుధవారం తేదీ, మేనేజరు పొడి సంతకం.

ఆయాసపడుతూ మేనేజరు గదికి పరిగెత్తాడు.

"సార్! వస్తువుని ఆ రోజే తీసేసుకున్నారట! మరి నాకు చెప్పలేదేంటి సార్?"

"నీకు ఇంగ్లీషు కొట్టిన పిండన్నావుగా. చదువుకున్నావేమో అనుకున్నా," అన్నాడు మేనేజరు తల ఎత్తకుండా.

"మరి గది?"

"మూసేస్తే బుధవారం పిల్లలెక్కడ కూర్చుంటారయ్యా, టైర్ల మీదా? వెళ్ళు, వెళ్ళి ముందా చిరుగు కుట్టించుకో."

ఇదండీ సంగతి. మేనేజరుని బోల్తా కొట్టించబోయిన మనిషి, మొదటి రోజే చేరాల్సిన చోటికి చేరిపోయి కూడా, ఎవరూ రాలేదనుకుంటూ ఎనభైతొమ్మిది రోజులు తనకి తనే కాపలా కాశాడు.